ముందే చేసిన కాళ్ళు

ఫిబ్రవరి 3, సోమవారం

వర్క్‌షాపుకి పెద్ద ఆర్డర్ వచ్చింది. మామూలుగా ఏడాదికి చేసే కృత్రిమ కాళ్ళకి పదింతలు. సూపర్‌వైజర్ తలుపు వేసి మరీ చెప్పాడు. పాదాలు, మోకాలి కింది భాగాలు ముందే చేసి అటక మీద పెట్టాలట. మిగిలిన కాలికి పైన తొడిగే గిన్నె మాత్రం తర్వాత మనిషిని బట్టి చేసుకోవచ్చట. సైజులన్నీ కుర్రాళ్ళవే. బయట ఎక్కడా నోరు జారకూడదట.

ఇన్నేళ్ళూ కాలు పోయినవాడు వచ్చి ఎదురుగా కూర్చుంటేనే నాకు పని. ఇప్పుడు ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. యుద్ధం ఇంకా రాలేదు. రెండు కాళ్ళ మీద నిక్షేపంగా తిరుగుతున్నవాళ్ళకి మూడో కాలు చేస్తున్నాను.

నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 5

వీధిలో మనుషుల ముఖాలు చూడటం మానేశాను. పిక్కలు, పాదాలు చూస్తున్నాను. బస్టాపులో ఒక కుర్రాడు తొమ్మిది నంబరు. వాడి పక్కవాడు పది. ఎనిమిదో నంబరువాడు పరిగెత్తుకుంటూ వచ్చి బస్సెక్కాడు. ఎంత బాగా పరిగెత్తాడో.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో పాస్టర్ గారు విజయం కోసం ప్రార్థన చేయించారు. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. నేను పెదవులు కదిపాను. శత్రువుల్ని ప్రేమించమని ప్రభువు చెప్పిన మాట ఈ నెలలో ఎవరూ ఎత్తడం లేదు.

తర్వాత అక్క, బుడ్డోడు భోజనానికి వచ్చారు. బుడ్డోడంటే అక్క కొడుకు. ఆరడుగులు దాటాడు గానీ పేరు మాత్రం పెరగలేదు. బావ పోయిన దగ్గర్నుంచి వాళ్ళు ఆదివారం నా దగ్గరే తింటారు. పెళ్ళీ పెటాకులూ లేని నా ఇంట్లో మూడు కుర్చీలూ కదిలేది ఆ ఒక్క పూటే.

బుడ్డోడు చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు, సైన్యంలో పేరు ఇచ్చాడట. స్నేహితులంతా ఇచ్చారట. అక్క తల ఎత్తకుండా గిన్నెలు సర్దుతోంది. ఆమెకి ముందే తెలుసు. నేను ఆఖరి ముద్ద మింగేదాకా ఇద్దరూ ఆగారన్నమాట.

వద్దనలేదు. ఎందుకు వద్దో చెప్పాలంటే అటక సంగతి చెప్పాలి. జాగ్రత్త అన్నాను. రోడ్డు దాటేవాడికి చెప్పినట్టు.

ఫిబ్రవరి 11

పాస్టర్ గారి ఇంటికి వెళ్ళాను. ఆర్డర్ ఊసెత్తకుండా అడిగాను, యుద్ధం రాకూడదని ప్రార్థన చేస్తూనే వస్తుందని సిద్ధపడటం పాపమా అని. ఆయన నవ్వి, జలప్రళయానికి నోవహు ఓడ కట్టింది ముందే కదా అన్నారు. మనసు తేలికపడింది. సందు మలుపు దాకానే. నోవహు నలుగురూ చూస్తుండగా కట్టాడు. నేను తలుపు వేసుకుని కడుతున్నాను.

గేటు దాకా వచ్చి ఇంకో మాట కూడా చెప్పారు. వచ్చే ఆదివారం సైన్యానికి వెళ్ళే పిల్లలను దీవిస్తారట. బుడ్డోడికి తండ్రి లేడు కాబట్టి తల మీద చెయ్యి పెట్టాల్సింది మేనమామే.

ఫిబ్రవరి 13

రోజంతా ఎడమ పాదాలు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు.

పిల్లలు వేదిక ముందు వరసగా నిలబడ్డారు. తండ్రులు ఒక్కొక్కరే వెళ్ళి తల మీద చెయ్యి పెట్టి దీవించారు. నా వంతు వచ్చింది. బుడ్డోడు నాకు అందాలని తల వంచాడు. నా చెయ్యి వాడి భుజం దాకా వెళ్ళింది. ఆ తర్వాత చూసుకుంటే మోకాళ్ళ మీద ఉన్నాను. ఎడమ చెయ్యి వాడి మోకాలి కింద. కుడి చెయ్యి మడమ దగ్గర. బొటనవేలు ప్యాంటు మీద నుంచే ఎముక అంచు వెతుకుతోంది. ఎవరైనా నా ముందు కదలకుండా నిలబడితే ఈ చేతులు ఇన్నేళ్ళుగా చేసేది అదే. అది చర్చి అని వాటికెవరు చెప్పాలి?

తర్వాత వెనక బెంచీల్లోంచి ఏడుపులు. శిష్యుల పాదాలు కడగడానికి వంగిన ప్రభువును ఈ బ్రదర్ మన కళ్ళకు కట్టాడు అని పాస్టర్ గారు మైకులో అన్నారు. అక్క నా తల పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

బుడ్డోడు ఏడవలేదు. సెలవుల్లో వర్క్‌షాపుకి వచ్చి నా బల్ల కింద ఆడుకుంటూ పెరిగినవాడు. నా చేతులు ఏం చేస్తున్నాయో వాడికి తెలుసు. పైనుంచి నన్నే చూస్తున్నాడు.

బయట అందరూ చెయ్యి కలిపారు. ఏనాడూ పలకరించనివాళ్ళు కూడా. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఒక్కరికీ నిజం చెప్పలేదు. నిజం చెప్పాలంటే, కొంచెం బాగుంది కూడా.

ఫిబ్రవరి 18

పాస్టర్ గారు ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం ఇంకో జట్టు పిల్లలు వెళ్తున్నారట. ఒక్కొక్కరి ముందూ నేను మోకరించాలట. సంఘమంతా అదే కోరుతోందట.

సరేనన్నాను.

ఫిబ్రవరి 20

కాళ్ళకి తోలు పట్టీలు కుట్టే ఆవిడ నా ముఖం చూసి ఏమైందని అడిగింది. ఆర్డర్ గురించే బెంగ అనుకుంది. గొడుగు కొన్నంత మాత్రాన వాన రాదు అంది. నిజమే. కానీ వాన వస్తుందని తెలిసి, గొడుగులు దాచుకుని, పిల్లల్ని ఆడుకోండని బయటికి తోలేవాణ్ణి ఏమంటారు? ఆవిణ్ణి అడగలేదు. పని మానేద్దామా అని ఆలోచించాను. మానేస్తే రేపు కుంటేవాడు కుంటుతూనే ఉంటాడు. కాళ్ళు చేయడంలో తప్పు లేదు. ఆ చేతులతోనే దీవించడానికి వెళ్తున్నాను చూడు, అది తప్పు.

చెబితే ఉద్యోగం పోతుంది. అక్క దూరమవుతుంది. అడకత్తెరలో పోకచెక్కని.

ఫిబ్రవరి 23, ఆదివారం

మోకరించలేదు. మైకు అడిగాను.

పోయిన ఆదివారం నేను వాడి పాదాలు పట్టుకోలేదని, కాలి కొలత తీసుకున్నానని చెప్పాను. ఈ పిల్లలందరి సైజుల్లో కాళ్ళు చేసి అటక నింపుతున్నామని చెప్పాను. కళ్ళు మూసుకుని, ప్రభువా ఈ యుద్ధం ఎవరి వల్లా రాకుండా చూడు అని ప్రార్థన చేశాను. ఆమెన్ అన్నాను. నేనొక్కణ్ణే అన్నాను. ఈ చర్చిలో పుట్టి పెరిగాను, నా గొంతు అంత ఒంటరిగా వినడం ఇదే మొదలు.

ఎవరో మైకు తీసుకున్నారు. నాకు అలసటగా ఉన్నట్టుంది, కొన్నాళ్ళు ఇంట్లోనే ప్రార్థన చేసుకోమన్నారు పాస్టర్ గారు. ఆయన మంచివాడే. చెయ్యి పట్టుకుని తలుపు దాకా తీసుకొచ్చారు.

మెట్ల మీద అక్క అడ్డం వచ్చింది. విశ్వాసులకి శకునాలు లేవని అందరికీ చెప్పే మనిషి.

"సొంత మేనల్లుడికి శకునం పలికావు కదరా" అంది.

ఫిబ్రవరి 24

ఉద్యోగం పోలేదు. కాళ్ళు చేసేవాళ్ళు దొరకడం లేదట. సూపర్‌వైజర్ నోటికొచ్చినట్టు తిట్టి, పని ఇంకాస్త పెంచాడు.

మార్చి 2, ఆదివారం

మూడు కుర్చీలు వేశాను. భోజనం చల్లారిపోయింది. రెండు కుర్చీలు తీసి గోడకి ఆనించాను.

ప్రభువు ఒక్కడు చాలు అని పాటలు పాడాం. చాలడం లేదు. ఆయనకి తెలియనిదా, రాసేస్తున్నాను.

మార్చి 6, సాయంత్రం

బుడ్డోడు వర్క్‌షాపుకి వచ్చాడు. రేపు బండి. తల గొరిగించుకున్నాడు. అమ్మకి చెప్పకుండా వచ్చానన్నాడు. నేరుగా అటక కిందికి వెళ్ళి చాలాసేపు పైకి చూశాడు. తన కొలత సరిగ్గా వచ్చిందా అని నవ్వుతూ అడిగాడు. వచ్చిందన్నాను. అబద్ధం చెప్పడం చేతకాలేదు.

వెళ్ళకురా అన్నాను, ఇన్నాళ్ళకి. తను ఆగితే తన బదులు ఇంకొకడు వెళ్తాడు అన్నాడు. బల్ల మీది పాదం ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, నా దెబ్బకి అవతలివాడి కాలు పోతే, వాడికెవరు చేస్తారు?"

అక్కడా నాలాంటివాడు ఒకడు ఉంటాడన్నాను. వాడికీ ఈపాటికి ఆర్డర్ వచ్చే ఉంటుంది. వాడూ తలుపు వేసుకునే చేస్తుంటాడు. వాడికీ ఒక మేనల్లుడు ఉండొచ్చు. ఇదంతా పైకి అనలేదు. మొదటి మాట ఒక్కటే అన్నాను. బుడ్డోడు తల ఊపాడు. లేచి నిలబడి తల వంచాడు.

ఈసారి చేతులు మాట విన్నాయి. గొరిగిన తల గరుకుగా, వెచ్చగా ఉంది. ఒక్క దీవెన మాటా రాలేదు. ఏడ్చాను. వాడే నా వీపు నిమిరాడు.

మార్చి 15

మొదలైందని రేడియోలో చెప్పారు.

ప్రభువా, నేను చేసినవన్నీ అటక మీదే దుమ్ము పట్టిపోనీ. అవతలివాడు చేసినవి కూడా.