గాలిని కుట్టిన మిషను

అక్కా,

అక్షరాలు వంకర పోయాయి, తప్పులుంటే నవ్వకుండా సరిదిద్దుకుని చదువు. నా చదువు సంగతి నీకు తెలిసిందే.

ఆయన నాకోసం తెచ్చిన ఫించ్ పిట్ట పది రోజులుగా ఎడమ పక్కకు ఒరిగి పడిపోతోంది. ఎగరబోతే పంజరం అడుగున గిర్రున తిరుగుతుంది. రెక్కలు విప్పి చూశాను, దెబ్బేమీ లేదు. అది వాలే పుల్లను కిందికి దించి కట్టి, అడుగున మెత్తటి గుడ్డ పరిచాను.

ఒక వింత చెప్పనా? అత్తయ్య కుట్టుమిషను తొక్కుతున్నంతసేపూ అది నిటారుగా నిలబడుతుంది. మిషను ఆగగానే ఒరుగుతుంది. నిన్న నేను ఉత్తి మిషను తొక్కి చూస్తుంటే అత్తయ్య వచ్చి, "గుడ్డ లేకుండా ఏం కుడుతున్నావే పిల్లా, గాలినా?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారానికి ఎగరకపోతే పిట్టల కొట్టువాడికి తిరిగిచ్చి వేరేది తెస్తానని ఆయన అన్నారు. తూలే పిట్టను కొట్టువాడు బతకనిస్తాడా? అప్పటినుంచి రోజూ ఇంటికి రాగానే, "ఎగిరిందా?" అని అడుగుతారు. నేను తల వంచుకుని, "ఎగిరిందండీ" అంటున్నాను. పెళ్లయ్యాక ఆయనతో ఆడిన మొదటి అబద్ధం ఇదే.

పిట్టకు చెవిలో జబ్బు చేస్తే ఇలా తూలుతుందేమో మీ వీధి పశువుల డాక్టరుగారిని అడుగు. గురువారం మా ఆయన పని మీద మీ ఊరు వస్తున్నారు. డాక్టరుగారు మందిస్తే మా ఆయన చేతికే ఇచ్చి, నా తలనొప్పికని చెప్పు. ఈ ఉత్తరాన్ని మాత్రం ఆయన మీ గడప తొక్కేలోగా పొయ్యిలో పెట్టెయ్.

నీ చెల్లి