తెంపేసిన పేరు చీటీ

ఓక్లండ్,
జూలై 20, 2008

చిరంజీవి తమ్ముడు డెల్మర్‌కి అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా కుంటి పిల్లీ. మరదలు నజ్లా పంపిన ఆప్రికాట్ జామ్ అప్పుడే సగం ఖాళీ చేశాను. ఆ మోకాలితో బంతాట ఆడొద్దంటే నీ చెవికెక్కదు కదా.

ఫోన్ చెయ్యమని రాశావు. ఇది ఫోన్‌లో చెప్పేది కాదురా.

"కొత్త చట్టంతో ఫోన్ కంపెనీ మీద మా దావా గంగలో కలిసినట్టేనా అక్కా?" అని అడిగావు. కలిసినట్టే ఉంది. సర్కారు అడిగిందని జనం మాటలు అప్పగించిన ఫోన్ కంపెనీల మీద ఇక ఎవరూ కోర్టుకెక్కకూడదట, పాత దావాలు కూడా చెల్లవట. మా ఫోన్ కంపెనీ ఆఫీసులో కేకు కోశారు. మా మేస్త్రీ హోరేస్ నా ప్లేటులో పెద్ద ముక్క పెట్టి, "తిను రొవీనా, ఇక మనల్ని అడిగే నాథుడు లేడు" అన్నాడు. ప్లేటు అలాగే పక్కన పెట్టేశాను.

"నజ్లా ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావేం? బేరూత్ పిల్ల అని చిన్నచూపా?" అని కూడా అడిగావు. ఆ మాట చదివి చాలా బాధపడ్డాను. లేచి పొయ్యి తుడిచాను. పొద్దుటినుంచి అది మూడోసారి.

మీ లాయరుకి కళ్ళారా చూసిన మనిషి కావాలన్నావు. చూసింది నేనే. చూడటమేమిటి, చేసింది నేనే. ఐదేళ్ళ కిందట పెద్ద తీగని చీల్చి, మా ఆఫీసులోనే సర్కారువాళ్ళు తాళం వేసుకున్న ఒక గదిలోకి ఇంకో పాయ కలిపాను. అప్పటినుంచి అందులో వెళ్ళే ప్రతి మాటా అవతలి మనిషికీ, ఆ గదికీ పోతోంది. బేరూత్‌లో మీ అత్తగారి దగ్గుతో సహా.

మేం ఏ తీగ కలిపినా పేరూ తేదీ రాసి చీటీ కడతాం. రేపు చెడితే ఎవర్ని తిట్టాలో తెలియాలిగా. అలవాటు కొద్దీ దానికీ కట్టాను. హోరేస్ కత్తెరతో తెంపి, "దీనికి చీటీ వద్దు" అన్నాడు. అప్పుడే అర్థమైంది. అయినా నోరు మూసుకున్నాను. పెన్షన్‌కి ఆరేళ్ళుంది. భయపడ్డాను తమ్ముడూ, అంతకుమించి కారణం లేదు.

అందుకే నజ్లా వాళ్ళమ్మ గురించి మొదలుపెట్టగానే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పెట్టేసేదాన్ని. ఆ పిల్ల మాటలు ఆ గదిలోకి పోకూడదని. పిచ్చిది, నాకు తనంటే గిట్టదనుకుంది.

ఆ చట్టం ఉద్యోగుల్ని కూడా కాస్తుందట. నన్ను కోర్టు అడగదు. కానీ నువ్వు అడిగావు. ఆ రోజు నేల మీంచి తీసి దాచిన చీటీ ఇందులో పెట్టాను, లాయరుకి ఇవ్వు. పెన్షన్‌కి ఇంకా ఏడాది ఉంది, పోతే పోనీ.

ఆదివారం నజ్లాని ఫోన్ చెయ్యమను. పొయ్యి ఆర్పేసి కూర్చుంటాను. వినేవాళ్ళని విననీ.

ఇట్లు,
నీ పిరికి అక్క
రొవీనా