తాత తుపాకి ఇంటికొచ్చింది

నాన్నా, మేం బాగున్నాం, బెంగెట్టుకోకు. ఎలచ్చన్లకి టేసన్‌లో పెట్టిన తాత తుపాకి నిన్న ఇచ్చీసినారు. లైసెన్సు గడువు దాటిపోనాదని ఇన్నాళ్లూ ఇవ్వనేదు కదా. నిన్న మండలంలో రైతుల కష్టాలినడానికి కలెక్టరు కేంపు పెట్టినారు. తాతా నేనూ ఎల్నాం. సిగ్గేసినా నేనే అడిగినాను: "సార్, తుపాకి సూపిస్తేనే రెన్యువలంతన్నారు. తుపాకేమో టేసన్‌లోనే ఉన్నాది. ఎలాగ సూపిస్తాం?"

కొత్తగా వొచ్చిన కలెక్టరు సారు నవ్వీసి, "నిజమేరా! ఇకమీద టేషన్లో పెట్టినప్పుడే రెన్యువలూ చేసేద్దాం" అని అక్కడే సంతకం పెట్టీసినాడు.

సాయంత్రం తాత గాల్లోకి ఒక్కపాలి పేల్సీసరికి సేను మీద పడ్డ అడివిపందులన్నీ కొండెక్కీసినాయి. అమ్మ నిన్ను ఏళకి తినమంతంది. సెల్లికి చెప్పులు తే. పందుల బాధకి మెట్టసేను కౌలుకిచ్చీద్దామన్నావు కదా, ఇవ్వొద్దు. ఈ ఏడు మొక్కజొన్న నేనే ఏస్తాను.

నీ గౌరీశు