అమ్మ చీరలో నీ కొస

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పేపర్లో ఎవరెస్టు ఎక్కినవాళ్ల ఫొటో చూశాక, మనం నలుగురం హిమాలయాలు ఎక్కాలన్నావు. అందుకు సాధనగా ప్రతి ఆదివారం అమ్మ పాత చీరతో అందరి నడుములూ కలిపి కట్టి హనుమకొండ గుట్ట ఎక్కించేవాడివి. చివరి కొస నీది. “ఒకరు జారితే ముగ్గురు గట్టిగ పట్టాలె” అనేవాడివి.

ఈ ఉదయం మేం ముగ్గురమే ఎక్కాం. ముగ్గురి నడుములకూ చీర ముడులేసి, అలవాటుకొద్దీ అమ్మ నీ కొసను వెనక వదిలింది. అది రాళ్ల సందులో ఇరుక్కుని, ఆఖరున నడుస్తున్న చెల్లెను ఆపింది.

“జర ఆగుండ్రి, బాపు వస్తాండు” అంది చెల్లె సంతోషంగా.

అమ్మ కూలబడింది. నేను నా ముడి విప్పుకుని వెళ్లి చీరను రాళ్లలోంచి తీశాను.

“అక్కా, గట్టిగ పట్టాలె గద. బాపును ఎందుకు ఇడిచిపెట్టినవ్?”

అమ్మ మిగతా ముడులు కూడా విప్పేసింది. ఎవరికి వాళ్లం కిందికి దిగాం.