చద్దర్ల కోసం కారు

మే రెండు.

వదినా, ఈ రోజు నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక కూడా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

స్విట్జర్లాండ్‌లో రైళ్లలో, బస్సుల్లోనే తిరగాలని నువ్వూ నేనూ కూర్చుని అనుకున్నాం. కారెక్కితే నీకు వాంతులు, నాకు మోకాళ్లు ముడుచుకోవు. మనవరాలు రైళ్ల వేళలన్నీ రాసి పెట్టింది. ఇవాళ నీ మేనల్లుడు రమేశ్ అదంతా పక్కన పెట్టి అద్దెకు కారు మాట్లాడాడు. మన ఊరి అశోక్ చౌక్‌లో మలుపు తిప్పడానికే తడబడేవాడు, అక్కడ రోడ్డుకు కుడివైపు నడుపుతాడట.

"నీ మోకాళ్ల కోసమే చేసిన అమ్మా" అన్నాడు.

"నా మోకాళ్లను ఎవరడిగిండ్రురా? రైల్ల అయితే లేచి నాలుగడుగులేస్త. కార్ల మడిచి పెడ్తవా?"

అసలు సంగతి కోడలు లత చెప్పింది. అక్కడివాళ్లకు పెట్టడానికి ఆరు చద్దర్లు మూట కట్టింది, అది రైల్లో మోయలేరట.

"మనం నేసిన చద్దర్ లేకుండ ఒకరింటికి ఎట్ల పోతం అత్తమ్మా?"

"అది ఇల్లు కాదు, హోటల్. పైసలు కట్టి దిగుతున్నం."

నువ్వుంటే ఒక్క చూపుతో ఆ మూట విప్పించేదానివి. నేను అరవాల్సి వచ్చింది.

ఇక జరగవలసినవి:

1. రేపు పొద్దున రమేశ్ కారు వద్దని చెప్పాలి.
2. లత మూట విప్పాలి. ఒక్క చద్దర్ చాలు, నేను కప్పుకుంటాను.
3. రైల్లో కిటికీ పక్క సీటు నీకే కావాలని నువ్వు పట్టుబట్టావు. అందులో నేను కూర్చుంటాను.