సున్నాసార్లు ఆగిన సిస్టమ్

మోంతెవిదేవో,
మార్చి 3

పాసో ఓండో పాల శాఖ గుమస్తా దోన్యా జుల్మా గారికి,

కేంద్ర కార్యాలయం నుంచి ఇంజనీరు ఫాబ్రీసియో లాన్సా రాస్తున్నాను. పాలు తూచేదీ, రైతుకు చీటీ ఇచ్చేదీ మన సిస్టమే. అది ఆగితే లారీలు ఎండలో నిలబడతాయి. కానీ అది ఎన్నిసార్లు ఆగుతోందో, లేవడానికి ఎంతసేపు పడుతోందో, దానివల్ల మనకెంత నష్టమో ఇంతవరకు ఎవరూ కొలవలేదు. కొలవనిది బాగుపడదు. అందుకని కొలతల ప్రోగ్రాం ఒకటి రాశాను. ప్రతి నెలాఖరుకు అందులో మూడు గళ్ళు నింపండి: ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, ఎంత నష్టం.

మీ సహకారం కోరుతూ,
లాన్సా

తా.క. ఆ ప్రోగ్రాం నడిచే కంప్యూటర్ పెట్టెను నా బల్ల కిందే పెట్టుకుని కాపలా కాస్తున్నాను. ప్రారంభోత్సవం కూడా ఈ గదిలోనే చేశాం. మాతే ఆకు టీకి నీళ్ళు ఇక్కడే కాచుకున్నాం.


పాసో ఓండో,
ఏప్రిల్ 1

ఇంజనీరు గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, సిస్టమ్ కూడా క్షేమం. మీ ప్రోగ్రాం ఎంత నొక్కినా తెరుచుకోలేదు. అందుకే కాగితం మీద రాసి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

ఎన్నిసార్లు: సున్నా. నిమిషాలు: సున్నా. నష్టం: సున్నా.

ఇదంతా మా మెకానిక్ హేబెర్ చలవ. లారీలు రాకముందే వచ్చి అన్నీ తడిమి చూసుకుంటాడు. యాంటెన్నా మీద ఓర్నేరో పిట్ట మట్టిగూడు మొదలెడితే దాన్ని బతిమాలి పక్క స్తంభం మీదికి పంపిస్తాడు. అరవై రెండు కుటుంబాల పాలు ఒక్క రోజు కూడా విరగలేదు.

ఉంటాను,
జుల్మా బారియోస్

తా.క. మీ ప్రోగ్రాం తెరుచుకోకపోవడాన్ని కూడా ఆగినట్టే లెక్క వేయమంటారా?


మోంతెవిదేవో,
ఏప్రిల్ 10

దోన్యా జుల్మా గారికి అభినందనలు.

మూడు సున్నాలు చూసి డైరెక్టర్లు చప్పట్లు కొట్టారు. మీ సిస్టమ్ అసలు ఆగదని తేలింది కాబట్టి అక్కడ మెకానిక్ అవసరం లేదని కూడా తేలింది. హేబెర్ జూన్ 2న ఇక్కడ నా దగ్గర చేరాలి.

మీ ఆనందంలో పాలుపంచుకుంటూ,
లాన్సా

తా.క. ప్రోగ్రాం తెరుచుకోకపోవడం మీ కంప్యూటర్ లోపం. మిగతా పదమూడు శాఖల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఫిర్యాదులు అందులోనే నమోదు చేయమన్నాను.


పాసో ఓండో,
ఏప్రిల్ 24

ఇంజనీరు గారికి,

గొడుగు వేసుకున్నవాడు తడవలేదని గొడుగు లాక్కుంటారా ఎవరైనా? హేబెర్ భార్య ఇక్కడి బడిలో పంతులమ్మ. వాళ్ళ కాపురం ఇక్కడ, మా పాలు ఇక్కడ. అతను పోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు.

మీకు కావలసింది ఆగిపోవడమే అయితే అదీ చూడండి. మూడు రోజులు ఇంట్లో కూర్చుని ఉల్లినారు నాటుకోమన్నాను హేబెర్‌ని. ఫలితం ఇది.

ఎన్నిసార్లు: అయిదు. ఎంతసేపు: పదకొండు ఫ్లాస్కులు. (సిస్టమ్ ఆగితే ఇక్కడ ఎవరూ గడియారం చూడరు. ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, మాతే సొరబుర్ర చేతులు మార్చుకుంటూ తాగుతారు.) నష్టం: మాతే ఆకు రెండు కిలోలు. నాలుగు వందల లీటర్ల పాలు విరిగేలా ఉంటే ఆడవాళ్ళు తీసుకెళ్ళి చక్కెర పోసి దుల్సె అనే పాలపాకం కాచారు. సంతలో అమ్మగా పాల ధర పోను మిగులు కూడా వచ్చింది.

ఆలోచించండి,
జుల్మా

తా.క. ఒక సీసా పంపుతున్నాను. అది లంచం కాదు, సాక్ష్యం.


మోంతెవిదేవో,
మే 8

దోన్యా జుల్మా గారికి,

సాక్ష్యం అమోఘం. వేలు పెట్టి నాకాను.

మీ అంకెలు కాగితం మీద పట్టికలో వేస్తే ఇంతవరకు ఏ సంస్థలోనూ నేను చూడని సంగతి బయటపడింది. సిస్టమ్ ఆగినప్పుడల్లా మనకు లాభం వస్తోంది. కాబట్టి వచ్చే వారం నుంచి వారానికి పదిసార్లు ఆగేటట్టు చూడండి. ఆగనివ్వని హేబెర్ వంటి వారిని అక్కడినుంచి తప్పించడం మరీ అవసరమని డైరెక్టర్లు అన్నారు.

ఉత్సాహంతో,
లాన్సా

తా.క. ఒక ఫ్లాస్కు అంటే ఎన్ని నిమిషాలు? నా పట్టికలో ఫ్లాస్కుకు గడి లేదు.


పాసో ఓండో,
మే 31

ఫాబ్రీసియో బాబూ,

ఇక నిన్ను మీరు అనే ఓపిక లేదు. నా పెద్దకొడుకు ఈడువాడివి.

ఊళ్ళో దుల్సె అంటని గిన్నె లేదు. సంతలో కొనేవాడు లేడు, అందరి ఇళ్ళలోనూ అదే. మా ముసలి రైతు దోన్ ఒలెగారియోకి చక్కెర జబ్బు. గరిటె నాకి నాకి మంచం పట్టాడు. కలిపి కలిపి నాకు భుజం పడిపోయింది. ఆ భుజం నీ పట్టికలో ఏ గడిలోకి వస్తుంది? తెల్లారకముందే లేచి వచ్చినవాడి నిద్ర ఏ గడిలోకి వస్తుంది? ఆగినవి లెక్కపెట్టావు బాగానే ఉంది, అతను ఆగకుండా చూసినవి ఎవడు లెక్కపెడతాడు?

నీ ఉత్తర్వు ప్రకారం హేబెర్ సోమవారం బస్సుకి వస్తున్నాడు. అతను సంచి సర్దుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం దేనికి, ఏడ్చాను.

నీ మేలు కోరే,
జుల్మా

తా.క. నలుగురు తాగితే ఫ్లాస్కుకి నలభై నిమిషాలు. బుర్ర దోన్ ఒలెగారియో చేతికి వెళితే గంట. అది పట్టుకుని కబుర్లు చెబుతాడు. అది మైకు కాదు తాతా, తాగి ఇచ్చెయ్ అంటే వినడు.

మళ్ళీ తా.క. మిగతా పదమూడు శాఖలకూ ఫోన్ చేశాను. నీ ప్రోగ్రాం ఒక్కచోట కూడా, ఒక్కరోజు కూడా తెరుచుకోలేదట. ఈ ముక్క డైరెక్టర్లకు కూడా రాశాను. కవరు అంటించాను, ఇంకా బస్సెక్కించలేదు.


మోంతెవిదేవో,
జూన్ 4

అమ్మా జుల్మా గారూ,

దయచేసి ఆ కవరు బస్సెక్కించకండి.

హేబెర్ వచ్చాడు. మా వాళ్ళు తొమ్మిదిమంది కలిసి రెండు రోజులుగా ప్రోగ్రాం అక్షరం అక్షరం చదువుతున్నాం, ఎక్కడా తప్పు దొరకలేదు. నా తెరమీద పద్నాలుగు శాఖలకూ ఖాళీ గళ్ళే. ఖాళీ అంటే సున్నా అనుకున్నాను. దానిమీదే నాకు బహుమతి కూడా ఇచ్చారు. హేబెర్ సంచి పక్కన పెట్టి, నా బల్ల కిందికి దూరి, ఒక్క మాటే అడిగాడు: "ఈ కెటిల్ ఎవరిది, ఇంజనీరు గారూ?"

నాదే. నా బల్ల కింద ఉన్నది ఒకటే ప్లగ్గు. ప్రారంభోత్సవం నాడు మాతేకి నీళ్ళు కాచడానికి పెట్టె తీగ పీకి కెటిల్ తగిలించాను. మళ్ళీ మార్చడం మరిచాను.

హేబెర్‌ని ఈ ఉత్తరంతోనే తిరుగు బస్సు ఎక్కిస్తున్నాను. బదిలీ రద్దు, పది ఆగుళ్ళు రద్దు. మెకానిక్ ఆగకుండా చూసిన వాటికి నాలుగో గడి వేశాను. అందులో మొదటి పేరు అతనిదే. మీ భుజానికి తైలం అతని చేతికే ఇచ్చాను.

మీ కొడుకు ఈడువాడు,
ఫాబ్రీసియో

తా.క. నియమం ప్రకారం నా ప్రోగ్రాం లెక్క కూడా నమోదు చేశాను. ఎన్నిసార్లు: ఒకటి. ఎంతసేపు: దాదాపు రెండు వందల ఫ్లాస్కులు. అన్నీ నేనే తాగాను.