వంతెన మీద ముగ్గురు

అన్నయ్యా,

చదవగానే ఈ ఉత్తరం పొయ్యిలో వేసెయ్యి. వదినకు కూడా చూపించకు.

మన దక్షిణ రాష్ట్రం గురించి ఏ నవల తీసినా, ఏ చరిత్ర పుస్తకం తీసినా ఒకటే మాట కదా, అరవై ఏళ్ల కిందటి యుద్ధంలో వంతెన కాపాడుతూ మన సైనికులందరూ ప్రాణాలిచ్చారని. ఏడో తరగతి చరిత్ర పుస్తకం ప్రూఫులు తప్పులు దిద్దడానికి నా బల్ల మీదికొచ్చినప్పుడు, ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో "ముగ్గురు బతికి ఇల్లు చేరారు" అని రాసేశాను. తప్పు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మా ప్రెస్సులో ఎర్ర సిరాతో ఏది రాస్తే అది మారుమాట లేకుండా ఎక్కించేస్తారు. పుస్తకాలు బడులకు వెళ్లిపోయాయి.

నిన్న ఇద్దరు మనుషులు వచ్చి ఆ ప్రూఫు కాగితం నా ముందు పెట్టారు.

"పొరపాటైందండీ," అన్నాను.

"పొరపాటే అనుకుందాం. మరి ముగ్గురని లెక్క ఎలా తెలిసిందమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. మా వాళ్లెవరెవరని అడిగి, నీ ఇంటి అడ్రసు రాయించుకుని వెళ్లారు.

అమరుల రాతి మీద పేరున్న మనిషి, పేరు మార్చుకుని మనింట్లో కాఫీ తాగుతున్నాడని వాళ్లకింకా తెలియదు. కానీ పాప పుస్తకంలో ఆ పేజీ చూసినప్పటి నుంచి మన తాతయ్య గుమ్మంలో కూర్చుని, దారినపోయే వాళ్లకల్లా అది చదివి వినిపిస్తూ "అందులో ఒకణ్ణి నేనే" అంటున్నాడని నువ్వే రాశావు. అరవై ఏళ్లకు తన మాట అచ్చులో చూసుకున్నాడు పాపం.

ఆ పుస్తకం ఆయన దగ్గర్నుంచి తీసేసుకో అన్నయ్యా. నీకు చేతులు రాకపోతే, కనీసం వీధి తలుపు వెయ్యి.

నీ చెల్లి